అపరిచిత వాహనాల వీధి

మా ఇంట్లో గొడవ ఒక చెవి గురించి మొదలైంది.

పోర్చుగల్ నుంచి తిరిగొచ్చిన తరవాత మొదటి ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫొటోలు టీవీలో పెట్టుకుని చూస్తున్నాం. మా వారు సోమశేఖరం గారు సోఫా అంచున కూర్చుని తన ఫొటో ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నారు. నూట ముప్పయ్యో ఫొటో దగ్గర ఆయన ఓపిక అయిపోయింది.

"నాలుగు వందల పన్నెండు ఫొటోలు తీశావు. ఒక్కదాంట్లో అయినా నేను నిండుగా ఉన్నానా? ఇదిగో, ఇక్కడ నా చెవి. దాని వెనక ఎవడిదో డొక్కు కారు!"

"డొక్కు కారు కాదండీ, డాచియా. ఆ చెవి కూడా మీది కాదు, మీ కమిషనర్ గారిది. మీ చెవి మీద అన్ని వెంట్రుకలు లేవు."

"పోనీలేరా, మొగుడి చెవికీ పరాయివాడి చెవికీ తేడా తెలుసు. అదే పదివేలు" అన్నారు మా అత్తగారు, తమలపాకు ఈనె తీస్తూ.

నా పేరు అరుంధతి. బి.ఎస్సీ. బాటనీ చదివాను. ఆకు అంచు చూసి మొక్క పేరు చెప్పే చదువు. పెళ్లయ్యాక ఇరవై రెండేళ్లు ఆ చదువు కరివేపాకు కొనడానికి తప్ప అక్కరకు రాలేదు. మా వారు మా ఊరి పురపాలక సంఘంలో ఇంజనీరు. ఊరి పేరు చెప్పను. చెబితే, వ్యంగ్య రచయిత్రి నివసించు పట్టణం అని పొలిమేరలో బోర్డు పెట్టించగలరు. ఈ సంవత్సరం ఉత్తమ నగరాల అధ్యయన యాత్ర పేరుతో అయిదుగురు అధికారులను విదేశం పంపారు. సొంత ఖర్చుతో భార్యలు కూడా వెళ్లవచ్చన్నారు. వెళ్లాను.

పోర్తో నగరంలో మిగతావాళ్లు వంతెన చూశారు, నది చూశారు, చర్చి చూశారు. నేను హోటలు పక్క సందులో ఆగిపోయాను. మన అగ్గిపెట్టెకి చక్రాలు తగిలించినట్టున్న ఒక కారు అక్కడ నిలబెట్టి ఉంది. దాని వెనక ఇంకొకటి, ముందెన్నడూ చూడనిది. మూడోది మన డస్టర్ కారే, ముక్కు మీద మాత్రం డాచియా అని వేరే పేరు. ఏ కారూ గొప్పవాళ్లది కాదు. అన్నీ కూరగాయలు తెచ్చుకునే కార్లు, పిల్లల్ని బడి దగ్గర దింపే కార్లు. అక్కడి వాళ్లకి రోజూ కనిపించేవి. నాకు మాత్రం, కొత్త అడవిలో దిగిన బాటనీ విద్యార్థినికి ప్రతి కలుపు మొక్కా అపురూపంగా కనిపించినట్టే కనిపించాయి. సంచిలోంచి నోట్‌బుక్ తీశాను. కాలేజీలో ఎండిన మొక్క అంటించి హెర్బేరియం షీటు రాసినట్టే రాశాను.

"ముప్పై ఏడో నమూనా. లేత ఆకుపచ్చ. రెండే తలుపులు. లైట్లు నిద్రమొహంలా ఉన్నాయి. కుడి అద్దం విరిగితే టేపు అంటించారు. డాష్‌బోర్డు మీద కళ్లజోడు, ఉల్లిపాయ. ఒక ముసలావిడ రొట్టెల సంచితో వచ్చి తలుపు తీసింది. నేను ఫొటో తీస్తుంటే నాకేసి చూసి, అందులో తనకి తెలియని వింతేదైనా ఉందేమోనని ముందుకెళ్లి కారుని ఒకసారి చూసుకుంది. గమనిక: ఈ కారుకేసి ఇక్కడ ఎవరూ చూడటం లేదు."

ఇలాంటివి తొంభై నాలుగు నమూనాలు రాశాను.

గొడవ జరిగిన మర్నాడు కమిషనర్ గారు మా ఇంటికి వచ్చారు. ఆయన మంచివారే కాని ముప్పయ్యేళ్లుగా ఫైళ్లు రాసి రాసి నోరు కూడా ఫైలులాగే తెరుచుకుంటుంది.

"అమ్మా, అధ్యయన యాత్ర తాలూకు నివేదిక వంద ఫొటోలతో సహా శుక్రవారంలోగా పురపాలక శాఖ డైరెక్టర్ వారికి సమర్పించవలసి ఉన్నది. మా బృందం వద్ద లభ్యమగుచున్న ఫొటోలు భోజన సంబంధమైనవి మాత్రమే. తమ వద్ద నాలుగు వందల పైచిలుకు ఉన్నట్లు సోమశేఖరం ద్వారా తెలియవచ్చినది."

"అవన్నీ కార్లండీ."

"వీధిలో ఉన్న కార్లేనా?"

"వీధిలోవే."

"వీధి పురపాలక అంశమే. ఇబ్బంది లేదు."

"కాఫీలో చక్కెర వెయ్యమంటారా?"

"ఆ విషయంలో కొంత సడలింపు ఇవ్వవచ్చు."

నోట్‌బుక్ పట్టుకుపోయారు. శుక్రవారానికల్లా అది 'వీధి సౌందర్యమున అపరిచిత వాహనముల పాత్ర' అనే నివేదిక అయింది. ముసలావిడ ఉల్లిపాయ కూడా అనుబంధంలో ఉంది. ఇన్నేళ్లలో మొదటిసారి చూసింది చూసినట్టు రాసిన నివేదిక వచ్చిందని డైరెక్టర్ గారు మెచ్చుకున్నారట. అది విని నేను ఆ రోజు సాంబారులో రెండుసార్లు ఉప్పు వేశాను. తిన్నవాళ్లు నన్ను ఏమీ అనలేదు. నేను నివేదిక రాసినదాన్ని కదా.

పది రోజుల్లో డైరెక్టర్ గారి ఉత్తర్వు వచ్చింది. "విదేశీ వీధుల అందమునకు అపరిచిత వాహనములే మూలమని నివేదిక ద్వారా స్పష్టమగుచున్నందున, నివేదిక ప్రకారము, పట్టణంలోని లైబ్రరీ వీధిని ప్రయోగాత్మకంగా అపరిచిత వాహనాల వీధిగా ప్రకటించడమైనది. ఇకపై సదరు వీధిలో ఎవరూ గుర్తుపట్టని వాహనములు మాత్రమే నిలుపవలెను."

గుర్తుపట్టడానికి ఒక కమిటీ వేశారు. కమిషనర్ గారు అధ్యక్షులు. రిటైరైన బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దాలినాయుడు గారు సభ్యులు. మూడో సభ్యురాలు, విషయ నిపుణురాలు శ్రీమతి అరుంధతి, గృహిణి. మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. ఆ కార్డు వేసుకునే పప్పు రుబ్బానని మా అత్తగారు ఊరంతా చెప్పారు. అది అబద్ధం. పప్పు మిక్సీలో వేశాను.

పద్ధతి చాలా సులువు. కారు నంబరు ప్లేటు మీద న్యూస్ పేపరు అంటిస్తారు. యజమాని కనపడకూడదు, వేరే ఎవరైనా నడిపి తెస్తారు. కమిటీకి పది సెకన్లు ఇస్తారు. ముగ్గురిలో ఒక్కరు గుర్తుపట్టినా కారు వెనక్కి. ముగ్గురూ తెలియదంటే అపరిచిత ధ్రువపత్రం.

మొదటి రోజు పదహారు కార్లు వచ్చాయి. జనం తెలివైనవాళ్లు. ముందున్న పేర్లు పీకేశారు. ఒకాయన కారుకి మీసాలు పెయింటు వేయించాడు. దంతవైద్యుడు గారు వెనక అద్దానికి కర్టెన్లు కట్టించి తెచ్చారు. ఆకులు చూసి మొక్కల్ని పట్టేదాన్ని, తలుపు పిడి చూసి కారుని పట్టలేనా? "స్విఫ్ట్, రెండో తరం" అన్నాను. "సాంత్రో, మీసాలు కొత్తవి" అన్నాను. పదహారూ వెనక్కి పంపాను. దాలినాయుడు గారు నాకేసి భక్తిగా చూశారు. "ఏటమ్మా, మేం ముప్పయ్యేళ్లు బ్రేకులు సూసినాం గానీ పిడులెప్పుడూ సూళ్లేదు" అన్నారు.

రెండు వారాలయింది. వీధిలో ఒక్క కారు లేదు. ఆవులు పడుకుంటున్నాయి. పురపాలక కార్యాలయం కూడా ఆ వీధిలోనే ఉంది కాబట్టి మా వారు కారుని రైస్ మిల్లు మైదానంలో పెట్టి, నొప్పి మోకాలితో అర కిలోమీటరు నడుస్తున్నారు. ఇంటికి రాగానే పీటమీద కాలు చాపి నాకేసి చూసేవారు. నేను కార్డు సర్దుకుని లోపలికి వెళ్లేదాన్ని.

కమిషనర్ గారికి భయం పట్టుకుంది. డైరెక్టర్ గారు తనిఖీకి వస్తే వీధి ఖాళీగా కనపడుతుంది. "సమస్య వాహనములలో లేదు. సభ్యులకు గల అతి పరిచయమే అవరోధము" అని తేల్చారు. మా ముగ్గురికీ ఒకరోజు అపరిచయ శిక్షణ ఏర్పాటు చేశారు. జిల్లా కేంద్రం నుంచి వచ్చిన శిక్షకుడు మా ముందు మంచినీళ్ల గ్లాసు పెట్టాడు.

"గుర్తుపట్టడం అనేది ఒక వ్యసనం. చిన్నప్పటి నుంచి మనకి అలవాటు చేశారు. ఇప్పుడు దీన్ని చూడండి. ఇదేమిటో మీకు తెలియదు. లోతుగా తెలియదు. చెప్పండి సార్, ఏమిటిది?"

"తెల్దు" అన్నారు దాలినాయుడు గారు, వెంటనే. ఆయనకి ఉత్తమ ప్రశంసాపత్రం వచ్చింది. "కళ్లజోడు ఇంటికాడ మరిసిపోయినానమ్మా" అని తరవాత నాతో అన్నారు.

శిక్షణ బాగా పనిచేసింది. మర్నాడు వచ్చిన కార్లన్నిటికీ వాళ్లిద్దరూ "తెలియదు" అన్నారు. నేను ఆరింటిని గుర్తుపట్టాను. కమిషనర్ గారు దగ్గారు. ఆ తరవాత నేనూ కొంచెం నెమ్మదించాను. దంతవైద్యుడు గారి కర్టెన్ల కారుతో సహా మూడింటికి తెలిసి కూడా తెలియదన్నాను. వీధి నిండుతుంటే, ఆ నింపింది నేనే కదా అనిపించి, మనసుకి హాయిగానే ఉంది. ఇక్కడ దాచడమెందుకు?

ఆ రోజు చివరి కారు మెకానిక్ నడిపి తెచ్చాడు. సీటు కవర్లు లేవు. ముందు పేరు లేదు. కట్టిన నిమ్మకాయలు లేవు. నేను చుట్టూ తిరిగాను. ఈసారి అబద్ధం అక్కరలేకపోయింది. నిజంగానే తెలియలేదు. ముక్కు ఎక్కడో చూసినట్టుంది, తోక ఎక్కడా చూసినట్టు లేదు. కమిటీ పుస్తకంలో రాశాను: "ఎడమ తలుపు మీద జానెడు గీత. యజమాని అజాగ్రత్తపరుడు. అపరిచితం." సంతకం పెట్టాను. ఇన్ని రోజుల్లో నేను నిజాయితీగా ఇచ్చిన ధ్రువపత్రం అదొక్కటే.

సాయంత్రం మా వారు కుంటకుండా ఇంటికొచ్చారు. నవ్వుతున్నారు కూడా.

"వీధిలో చోటు దొరికిందోయ్. ధ్రువపత్రం నీ చేతి మీదుగానే వచ్చింది."

"ఏ కారుకి?"

"మన కారుకి."

పద్నాలుగేళ్ల కారు. అందులో పిల్లదాన్ని ఇంజనీరింగ్ కాలేజీకి దింపాను, మా నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్లాను. అయితే నేను దాన్ని లోపలి నుంచే ఎరుగుదును. ఎక్కడం, కూరల సంచి కాళ్ల దగ్గర పెట్టుకోవడం, దిగడం. ఇంటి దగ్గరున్నంతసేపూ దాని మీద గుడ్డ కప్పి ఉంటుంది.

"కావాలనే తెలియదన్నావు కదూ? నా మోకాలి కోసం?" అన్నారాయన. ఆ గొంతులో ఇరవై రెండేళ్లలో నేను విననంత ప్రేమ ఉంది.

"మరే" అన్నాను.

ఇంతలో నూకాలమ్మకి నోటీసు వచ్చింది.

నూకాలమ్మ లైబ్రరీ వీధి మొదట్లో చిన్న మోటారు ట్రాలీ బండి మీద టిఫిన్లు అమ్ముతుంది. పదకొండేళ్లుగా అక్కడే. బండికి నాలుగు చక్రాలున్నాయి కాబట్టి ఉత్తర్వు ప్రకారం అది వాహనం. ఊరంతా ఎరుగును కాబట్టి అపరిచితం కాదు. సోమవారం కమిటీ ముందు హాజరు కావాలి, లేదా ఖాళీ చెయ్యాలి. ఆమె నోటీసు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"ఇది మీరే రాసినారంట గదమ్మా. పుస్తకంలో."

"నేను రాసింది ఇది కాదు నూకాలమ్మా. వేరే ఊళ్లో కార్ల గురించి..."

"ఆ ఊరి కార్లు మీకెందుకు నచ్చినాయో నాకు తెల్దు. నా బండి ఆడ లేకపోతే నాను ఏటి తినాలో అది మాత్రం తెలుసు. మైదానం కాడ ఎవుడొస్తాడు ఇడ్లీ తినడానికి? మేకలొస్తాయి." నోటీసు మడిచి రొంటిన దోపుకుని, "మీరు తెల్దని సెప్పేయండి. అంతే గదా. డాక్టరు గారి కారుకి సెప్పినారంట గదా" అంది.

చెప్తానన్నాను. ముగ్గురం తెలియదంటే చాలు.

సోమవారం ఉదయం డైరెక్టర్ గారు కూడా వచ్చారు. ప్రయోగం ఎలా నడుస్తోందో కళ్లారా చూస్తారట. లైబ్రరీ వీధిలో ఇటూ అటూ మీసాల కార్లు, కర్టెన్ల కార్లు, నల్లగుడ్డ కప్పిన కార్లు నిలబడి ఉన్నాయి. మొదట్లో ఇడ్లీ బండి ఆవిరి వదులుతోంది. రోజూ ఎనిమిదింటికి అక్కడ చేరే జనం అంతా చేరారు.

"సదరు వాహనమును అధ్యక్షుని హోదాలో నేను క్షుణ్ణంగా పరిశీలించితిని. ఇది ఏమి వాహనమో నాకు తెలియదు" అన్నారు కమిషనర్ గారు. నిన్న ఆయన నాలుగిడ్లీలు అక్కడే తిన్నారు.

నూకాలమ్మ మూత తీసి, "బాబూ, మీకు అల్లం పచ్చడి ఎక్కువెయ్యాల గదా, తీసి ఉంచినాను" అంది.

జనం నవ్వారు. డైరెక్టర్ గారి కనుబొమ్మలు ముడిపడ్డాయి. కమిషనర్ గారు తొణకలేదు. "నిబంధన ప్రకారం కమిటీ వాహనమును గుర్తుపట్టరాదు. వాహనము కమిటీని గుర్తుపట్టుటపై నిషేధము లేదు."

"తర్వాత?" అన్నారు డైరెక్టర్ గారు.

"నాకూ తెల్దండి" అన్నారు దాలినాయుడు గారు. ఈసారి కళ్లజోడు పెట్టుకునే అన్నారు.

"ఏటి నాయుడుబాబూ! నాను తెల్దా? పదకొండేళ్లు నా సేతి ఇడ్లీ తిన్నారు. మీ ఇంటామె కూతురి పురుటికెళ్తే మూడు పూటలూ ఈడే తిన్నారు గదా!"

ఆయన తల దించుకున్నారు. నూకాలమ్మ గరిటె కింద పెట్టింది. తెల్దని చెప్పమని నన్ను అడిగింది తనే. కాని అది చెవులతో వినడం వేరని అప్పుడు ఆమెకీ తెలిసినట్టుంది, నాకూ తెలిసింది. ఆమె నాకేసి చూసింది.

పది సెకన్లు. తెలియదంటే బండి ఉంటుంది. తెలుసంటే పోతుంది. నోట్లోంచి మాత్రం నా చదువే వచ్చింది.

"తెలుసు. నీలం రంగు ట్రాలీ. ఎడమ అద్దం చీర అంచుతో కట్టి ఉంది. వెనక చక్రం కింద సగం ఇటుక, ఎందుకంటే ఇక్కడ రోడ్డు కాలవవైపు వాలు, ఆ రోడ్డు మా వారే వేయించారు. డాష్‌బోర్డు మీద పూల డబ్బా, చీటీలు, జోళ్లు మరిచిపోయినవాళ్లకి ఇవ్వడానికి పాత కళ్లజోడు. ఈ బండికేసి ఇక్కడ ఎవరూ చూడరు. ఎందుకంటే అందరికీ తెలుసు."

ఆ ఆఖరి మాటలు ఎక్కడో రాసినట్టనిపించింది. ఎక్కడో కాదు, నేనే రాశాను. కమిషనర్ గారి చేతిలోని నివేదిక తీసుకుని ముప్పై ఏడో నమూనా తెరిచి డైరెక్టర్ గారికి చూపించాను.

"అయ్యా, ఉత్తర్వులో 'నివేదిక ప్రకారము' అని ఉంది. నివేదికలో ఉన్నది ఇది. ఆ ముసలావిడకి తన కారులో ఏ వింతా కనపడలేదు. అక్కడ ఏ కారూ అపరిచితం కాదండీ. ఆ ఊళ్లో అపరిచితురాలిని నేనొక్కదాన్నే. అక్కడి వీధులు అందంగా ఉన్నాయంటే అవి అక్కడి వాళ్లకి తెలిసిన కార్లతో ఉన్నాయి."

డైరెక్టర్ గారు చాలాసేపు చదివారు. నివేదికను మెచ్చుకున్నది ఆయనే కాబట్టి అది తప్పనడానికి వీల్లేదు. ఉత్తర్వు ఇచ్చిందీ ఆయనే కాబట్టి అది రద్దనడానికీ వీల్లేదు. పెద్ద అధికారులు ఎందుకు పెద్ద అధికారులయ్యారో అప్పుడు చూశాను.

"అమలులో స్వల్ప దిశాలోపం జరిగినది. ఇంతవరకు తిరస్కరించిన వాహనములన్నియు ఆమోదింపబడినవిగా, ఆమోదించిన వాహనములన్నియు తిరస్కరింపబడినవిగా భావించవలెను. ఈ బండి స్థానికులకు తెలిసినది కాబట్టి యథాస్థానమున ఉండవచ్చును." తరవాత మామూలు గొంతుతో, "రెండిడ్లీ ఇవ్వమ్మా" అన్నారు.

నూకాలమ్మ నాకు కూడా ఒక ప్లేటు పెట్టింది. ముందుగా ఎందుకు చెప్పలేదన్నట్టు చూసింది గాని, అల్లం పచ్చడి మాత్రం రెండు గరిటెలు వేసింది.

మధ్యాహ్నానికల్లా మీసాల కార్లనీ కర్టెన్ల కార్లనీ క్రేనుతో రైస్ మిల్లు మైదానంలోకి లాగేశారు. వాటి వెనక మా కారు కూడా వెళ్లింది.

ఆ సాయంత్రం మా వారు మళ్లీ కుంటుతూ వచ్చారు. అన్నాలకి కూర్చున్నాం. బెండకాయ వేపుడు, చారు. వేపుడు కలుపుకుంటూ ఆయన అన్నారు.

"స్థానికులకి తెలియని వాహనం అని ఫైల్లో నీ సంతకంతో ఉంది. అది మార్చాలంటే గుర్తుపట్టినట్టు నువ్వే వాంగ్మూలం ఇవ్వాలిట. ఇరవై గుర్తులు రాసి. పోనీలే, ఆ రోజు నా కోసం అబద్ధం చెప్పావు. ఇప్పుడు నిజం రాసేస్తే సరిపోతుంది."

మంచినీళ్లు తాగాను.

"అబద్ధం చెప్పలేదండీ. నిజంగానే గుర్తుపట్టలేదు."

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"ఎడమ తలుపు మీద గీత ఉందని రాశావు కదే" అన్నారు మా అత్తగారు. ఆవిడకి కమిటీ పుస్తకంలో ఏముందో ఎలా తెలుసో ఇప్పటికీ తెలియదు. "యజమాని అజాగ్రత్తపరుడని కూడా రాశావుట. ఆ గీత పెట్టిందెవరనుకున్నావు? రుబ్బురోలు పొత్రం మీ పుట్టింటి నుంచి తెచ్చిన రోజు తలుపు తియ్యకుండానే లోపల పెట్టబోయావు."

మా వారు నవ్వలేదు. అదే నాకు కష్టంగా ఉంది. పరాయి ఊరి కార్లకి తొంభై నాలుగు నమూనాలు రాశాను. ముసలావిడ ఉల్లిపాయతో సహా.

చారు పోసుకుని, మజ్జిగ గిన్నె పక్కకి జరిపి, చెప్పాను.

"రేపు కార్డు కమిషనర్ గారికి తిరిగి ఇచ్చేస్తాను. రేపు పొద్దున్న నేను టిఫిన్ చెయ్యను. అందరం నూకాలమ్మ దగ్గర తిందాం. అక్కడి నుంచి మైదానానికి నడిచి వెళ్లి, నోట్‌బుక్ పట్టుకుని, ఇరవై గుర్తులూ దొరికేదాకా మన కారు చుట్టూ తిరుగుతాను. తరవాత ఫొటో తీస్తాను. మీరు దాని పక్కన నిలబడాలి."

"నేను కూడా పడతానా?" అన్నారాయన.

"నిండుగా."

ఆయన కంచంలో చెయ్యి మళ్లీ కదిపారు.

"రెండు చెవులూ సరిచూసుకుని తియ్యవే" అన్నారు మా అత్తగారు. "మైదానంలో కమిషనర్ గారి కారు కూడా ఉందిట."